యాదిచేసే పెట్టె: పెద్దలున్న ఇంటికి మాట వినే ఏజెంటు, ప్రాజెక్టు డైరీ

పని పరిధి

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, దేవరకొండ వైపు ఊళ్లలో పిల్లలు పట్నంలో ఉండి, ఇంట్లో ముసలివాళ్లిద్దరే మిగిలిన ఇళ్ల కోసం కడుతున్న పెట్టె ఇది. పనులు నాలుగే: గోలీలు వేళకు యాదిచేయడం, చెప్పిన మనిషికి ఫోన్ కలపడం, బస్సు టైము చెప్పడం, "ఎల్లుండి కరెంటు బిల్లు యాదిచెయ్" అంటే రాసిపెట్టుకోవడం. స్మార్ట్‌ఫోనులో యాప్‌గా ఎందుకు చేయలేదంటే, ఏళ్లకేళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఈ ఊళ్లలో కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలు ఉన్నారు. వేలికొనతో తెర మీద చిన్న బొమ్మను తాకడం వాళ్లకు అయ్యే పని కాదు. అరచేయి మోపితే చాలు అన్నట్టుండే మీట కావాలి.

ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. తర్వాతి దశలన్నీ దాని మీదే ఆధారపడ్డాయి: ఏ గోలి, ఎప్పుడు అన్నది భాషా మోడల్ (మాటలు చదివి జవాబులు రాసే ఏఐ) చేతిలో పెట్టొద్దు. మోడల్ పని మనిషి మాటను అర్థం చేసుకోవడం వరకే. వేళ చూసేది, రాసిపెట్టేది, మళ్లీ చెప్పేది, ఇంటివాళ్లకు కబురు పంపేది అంతా మామూలు ప్రోగ్రాం. ఎవరైనా చదివి, వేలు పెట్టి చూపించి "ఇదిగో, ఇందుకే ఇట్ల చేసింది" అని చెప్పగలిగేది.

దశ 1: కరెంటు, గడియారం, కార్డు

బోర్డు రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, 4 జీబీ ర్యామ్. అన్నిటికన్నా ముందు ఇబ్బంది పెట్టింది కరెంటు తీగ. మీటరు పొడవున్న సన్నని యూఎస్‌బీ తీగతో పెడితే, మాట గుర్తింపు మొదలవ్వగానే బోర్డు తనంతట తాను ఆగి మళ్లీ లేస్తుంది. కారణం లెక్కలోనే ఉంది. 28 గేజీ రాగి తీగ నిరోధం మీటరుకు దాదాపు 0.21 ఓమ్. పోను రాను రెండు తీగలు కలిపి 0.42. బోర్డు 1.5 ఆంపియర్లు లాగితే 0.63 వోల్టులు తీగలోనే పోతాయి. 5.1 వోల్టులు పంపితే బోర్డుకు చేరేది 4.47. ఈ బోర్డు 4.63 వోల్టుల దగ్గరే "వోల్టేజీ చాలదు" అంటుంది. అదే 20 గేజీ తీగ వాడితే పోయేది 0.1 వోల్టు. ఛార్జర్ మార్చే ముందు తీగ మార్చండి.

కరెంటు పోయినప్పటి కోసం, వైఫై రౌటర్లకు వాడే 12 వోల్టుల చిన్న యూపీఎస్, దాని వెనక ఆ 12 వోల్టులను 5కు దించే 5 ఆంపియర్ల బక్ కన్వర్టర్.

1. కన్వర్టర్‌కు ఏమీ తగిలించకుండా, మల్టీమీటర్ పెట్టి 5.1 వోల్టులకు తిప్పి పెట్టాలి. ముందే బోర్డు తగిలించి తిప్పితే బోర్డు కాలిపోవచ్చు.
2. తిప్పిన స్క్రూ మీద నెయిల్‌పాలిష్ చుక్క వేయాలి. లేకుంటే కదిలి వోల్టేజీ మారుతుంది.
3. యూపీఎస్ బ్యాటరీ 3.7 వోల్టుల దగ్గర 8,800 మిల్లీ ఆంపియర్ అవర్లు అంటే 32.5 వాట్ అవర్లు. కన్వర్టర్ల నష్టం నాలుగో వంతు తీసేసి, బోర్డు సగటున 5 వాట్లు లాగుతుందనుకుంటే 5 గంటలకు కాస్త తక్కువ. డబ్బా మీద రాసిన అంకెను నమ్మకుండా, నిజంగా ఎంతసేపు ఆగుతుందో ఒక పగలు ప్లగ్ పీకి చూసుకోవాలి.

ఇక గడియారం. ఈ బోర్డులో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. నెట్ లేని ఇంట్లో కరెంటు పోయి వస్తే, ఆఖరుసారి కార్డు మీద రాసుకున్న వేళ నుంచే లెక్క మొదలుపెడుతుంది. మూడు గంటలు కరెంటు లేకపోతే పెట్టె మూడు గంటలు వెనక ఉంటుంది, రాత్రి గోలి నడిజామున యాదిచేస్తుంది. ఈ పనిలో ఇది చిన్న తప్పు కాదు. డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టడంతో తీరింది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య దాని తేడా పది లక్షలకు 2 వంతులు, అంటే ఏడాదికి నిమిషం. దొరికే మాడ్యూళ్లలో ఒక మెలిక ఉంది. వాటిలో నాణెం బ్యాటరీని ఛార్జ్ చేసే సర్క్యూట్ ఉంటుంది, కానీ మనం వేసే సీఆర్2032 ఛార్జ్ చేయకూడని రకం. మాడ్యూల్‌కు 5 వోల్టులు ఇస్తే బ్యాటరీ ఉబ్బుతుంది. 3.3 వోల్టుల పిన్‌కే కలపాలి.

ప్రోగ్రాంలో రాసిన నియమం: గడియారం మాడ్యూల్ జవాబివ్వకపోయి, నెట్ కూడా లేకపోతే గోలీ మాట ఎత్తొద్దు. "నాకు టైము తెలుస్తలేదు, పిల్లలకు చెప్పుండ్రి" అని మాత్రం చెప్పాలి.

మూడోది ఎస్‌డీ కార్డు. రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు పాడవుతాయి. కార్డును చదవడానికే ఉంచి, రాతలన్నీ ర్యామ్‌లోకి మళ్లించే ఓవర్‌లే పద్ధతి రాస్ప్‌బెర్రీ సెట్టింగుల్లోనే ఉంది. కానీ అది ఆన్ చేస్తే ఇంకోచోట దెబ్బపడుతుంది. ఏ గోలీ యాదిచేశామో రాసుకునే డేటాబేసు కూడా ర్యామ్‌లోకే పోతుంది. కరెంటు పోయి రాగానే పెట్టె అంతా మరిచిపోయి, పది నిమిషాల కింద చెప్పిన గోలీనే మళ్లీ కొత్తగా చెబుతుంది. మనిషి రెండోసారి వేసుకుంటాడు. కార్డును కాపాడిన మార్పే మనిషికి ముప్పు తెచ్చింది.

మార్చింది ఇట్లా:

1. కార్డులో 1 జీబీ వేరే పార్టిషన్ (విడి భాగం), అది మాత్రమే రాయడానికి వీలుగా.
2. డేటాబేసు ఎస్‌క్యూలైట్. ప్రతి రాతా కార్డు దాకా చేరిన తర్వాతే ముందుకు వెళ్లేటట్టు సెట్టింగు.
3. పలకడానికి ముందే రాయాలి, పలికినంక కాదు. తేదీ, మనిషి, పూట మూడూ కలిపి ఒక తాళంచెవి. అదే తాళంచెవితో రెండో రాత పడదు.
4. లేవగానే "చెప్పాను, జవాబు రాలేదు" అన్న పూట కనిపిస్తే "ఏసుకోండి" అనొద్దు. "డబ్బీ చూసుకోండి, పొట్లం ఉన్నదా?" అని అడగాలి.

వేడి గురించి ఒక మాట. ఈ బోర్డు తన చిప్ 80 డిగ్రీలకు చేరితే వేగం తగ్గించుకుంటుంది. ఎండాకాలం నల్లగొండలో బయట 45 దాటే రోజులుంటాయి, రేకుల ఇంట్లో ఇంకా ఎక్కువ. ఫ్యాన్ ఉన్న డబ్బా తప్పనిసరి. పెట్టెను రేకుకు దగ్గరగా అటకమీద పెట్టొద్దు, నడుమెత్తు గూట్లో పెట్టాలి.

ఖర్చు (కొన్నప్పుడు, సుమారు): బోర్డు 5,500, కార్డు 900, డబ్బా 500, యూపీఎస్ 1,300, కన్వర్టర్ 250, గడియారం 200. ఇప్పటిదాకా మొత్తం 8,650 రూపాయలు.

దశ 2: మీట, మైకు, చివరి అక్షరం

పేరు పెట్టి పిలిస్తే పలికే పద్ధతి వదిలేశాం. టీవీ నడిచే ఇంట్లో దానికదే లేచి మాట్లాడుతుంది, నిజంగా పిలిచినప్పుడు ఫ్యాన్ చప్పుడులో వినదు. దాని బదులు వీడియో గేమ్ మిషన్లకు వాడే 100 మిల్లీమీటర్ల గుబ్బ మీటలు రెండు, అవ్వకొకటి, తాతకొకటి. ఎవరు మాట్లాడుతున్నారో గొంతును బట్టి పోల్చే మోడల్ అక్కర లేకుండా పోయింది. దీనివల్ల ఇంకో లాభం ఉంది: అవ్వ "తమ్మునికి ఫోన్ చెయ్" అంటే అవ్వ తమ్ముడే, తాత తమ్ముడు కాదు. "బిడ్డ", "పెద్దోడు", "చిన్నల్లుడు", "వదినె" అని వరసలతోనే ఫోన్ నంబర్ల పట్టిక, ఒక్కొక్కరికి వేరే. ఈ వైపు "బిడ్డ" అంటే కూతురు. బయట తయారైన మోడల్ దాన్ని పసిపిల్ల అనుకుంటుంది కాబట్టి ఆ మాటను మోడల్ దాకా పంపకుండా ముందే పట్టికతో పోల్చాలి.

నొక్కిపట్టి మాట్లాడే పద్ధతి పనిచేయలేదు. మాట పూర్తికాక ముందే చేయి తీసేస్తారు. చివర అరసెకను పోతే ఇంగ్లిషులో ఏమో గానీ తెలుగులో అర్థమే తిరగబడుతుంది, ఎందుకంటే మన కాదు, లేదు అన్నీ క్రియ చివరనే ఉంటాయి. "ఏసుకోలే" అన్నదానిలో చివరి అక్షరం తెగితే "ఏసుకో" మిగులుతుంది. "పోతలేను"లో చివర తెగితే "పోత". గోలీ విషయంలో ఇది అసలు తట్టుకోలేని తప్పు.

ఇప్పుడున్న పద్ధతి:

1. మీట ఒకసారి నొక్కితే వినడం మొదలు. నొక్కు రెండుగా లెక్కపడకుండా 50 మిల్లీసెకన్ల లోపు వచ్చే రెండో సంకేతాన్ని వదిలేయాలి.
2. మైకు ఎప్పుడూ అరసెకను ధ్వనిని తిరుగుడు బఫర్‌లో (పాతదాని మీదే కొత్తది రాసుకునే నిల్వలో) పట్టి ఉంచుతుంది. సెకనుకు 16,000 నమూనాలు, నమూనాకు 2 బైట్లు, అరసెకనుకు 16,000 బైట్లు. నొక్కగానే దాన్ని ముందు అతికిస్తే మొదటి అక్షరం తెగదు.
3. నిశ్శబ్దాన్ని పట్టేది వెబ్‌ఆర్‌టీసీ వాడ్. అది 10, 20, 30 మిల్లీసెకన్ల ముక్కలే తీసుకుంటుంది. 30 తీసుకుంటే ముక్కకు 480 నమూనాలు. ఇంకో సైజు ఇస్తే తప్పు చూపి ఆగుతుంది.
4. వరసగా 50 ముక్కలు నిశ్శబ్దమైతే, అంటే 1.5 సెకన్లు, వినడం ఆపాలి. ముందు 0.8 సెకన్లు పెట్టి చూశాం. పెద్దవాళ్లు మాట మధ్యలో దమ్ము తీసుకుంటారు, అక్కడే తెగింది.
5. పెట్టె మాట్లాడేటప్పుడు మైకు మూసి ఉండాలి. మాట ఆగినంక ఇంకో 300 మిల్లీసెకన్లు కూడా. లేకుంటే గోడకు తగిలి తిరిగొచ్చిన తన గొంతుకే జవాబిస్తుంది.

మైకు దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది, ఫ్యాన్ చప్పుడు మాత్రం అంతే ఉంటుంది. అందుకని మైకును మీటల పక్కనే, నోటికి రెండు జానల దూరంలో పెట్టాం. ఖరీదైన మైకు కన్నా ఈ దూరమే ఎక్కువ పనిచేస్తుంది. బోర్డులోని ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి స్పీకరుకు కలిపితే బురబుర వస్తుంది. చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టాలి.

ఖర్చు: సౌండ్ కార్డు 350, మైకు 450, స్పీకరు 600, మీటలు (గుబ్బలు రెండు, ఔను, కాదు చెప్పడానికి పచ్చ ఒకటి, ఎర్ర ఒకటి) 600. ఈ దశ 2,000. ఇప్పటిదాకా మొత్తం 10,650 రూపాయలు.

దశ 3: మాటను పట్టుకోవడం

ముందు విస్పర్.సీపీపీ (మాటను రాతగా మార్చే ప్రోగ్రాం) తో చూశాం. అందులో స్మాల్ మోడల్‌కు దాదాపు 852 ఎంబీ ర్యామ్ కావాలి. అది బోర్డులో పడుతుంది. అసలు ఇబ్బంది వేరే. విస్పర్ ఎంత చిన్న మాటనైనా 30 సెకన్ల ముక్కగా సాగదీసి చూస్తుంది. "ఆఁ, ఏసుకున్న" అన్న రెండు సెకన్ల మాటకూ అంతే శ్రమ. ఈ బోర్డు మీద ముసలివాళ్లు ఓపిక పట్టేటంత తొందరగా జవాబు రాదు. ఇంకా ప్రమాదం, ఎవరూ మాట్లాడకుండా మీట తగిలితే, ఫ్యాన్ చప్పుడులోంచి లేని వాక్యాలు పుట్టిస్తుంది.

ఇప్పుడు వాడుతున్నది అదే పని చేసే వోస్క్ చిన్న తెలుగు మోడల్. ఈ చిన్న మోడళ్లు నడిచేటప్పుడు దాదాపు 300 ఎంబీ తీసుకుంటాయి, నెట్ అక్కర్లేదు, మాట పూర్తవుతుండగానే అక్షరాలు వస్తుంటాయి. పుస్తకాల తెలుగుకు బాగానే ఉంది. "పొద్దుగాల", "మాపటికి", "తిన్నంక", "యాదికి లేదు", "నాలుగు గొట్టంగ" దగ్గర తడబడుతుంది. మాటల జాబితా ఇచ్చి దాన్ని ఇరుకు చేయొచ్చు గానీ, మోడల్ నిఘంటువులో లేని మాటను జాబితాలో పెడితే పట్టించుకోదు, లాగ్‌లో ఒక హెచ్చరిక వేసి ఊరుకుంటుంది. ఆ హెచ్చరికలన్నీ ఏరి, ఏ మాటలు లేవో ముందు తెలుసుకోవాలి.

లేని మాటలకు చేసింది: మోడల్ ఏ తప్పు మాటగా రాస్తుందో రాబట్టి, దాన్నే పోల్చుకోవడం. రెండు వైపులా ఒకే తీరుగా అరగదీసి తర్వాత దూరం (ఎన్ని అక్షరాలు వేరో) కొలుస్తాం.

1. ముందు యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ రూపం (ఒక అక్షరాన్ని ఎప్పుడూ ఒకే తీరుగా నిల్వచేసేది). ఐత్వం రెండు రకాలుగా నిల్వ ఉండొచ్చు, కంటికి ఒకటే, ప్రోగ్రాంకు వేరు.
2. కంటికి కనిపించని అతుకు అక్షరాలను (పొల్లు తర్వాత విడదీయడానికి కొట్టేవి) తీసేయాలి. మనం టైపు చేసిన పట్టికలో ఉంటాయి, మోడల్ రాతలో ఉండవు, "సమానం" అని ఎప్పటికీ రాదు.
3. ఒత్తులున్న ఖ, ఘ, ధ, భ లాంటివి మామూలు హల్లులుగా. శ, ష రెండూ స. ళ కు ల, ణ కు న. మాట మొదట్లో వే కు ఏ, వ కు అ.
4. దూరం అక్షరాల్లో కొలవాలి, కోడ్ గుర్తుల్లో కాదు. "క్ష" ఒక అక్షరం, మూడు గుర్తులు.
5. అయిదు అక్షరాల లోపు మాటకు ఒక అక్షరం తేడా దాకా ఒప్పుకోవాలి. ఔను, కాదు మాటలకు మాత్రం ఈ సడలింపు అసలు ఇవ్వొద్దు. "ఏసుకో", "ఏసుకోలే" మధ్య ఉన్నది ఒక్క అక్షరమే.

వారాల పేర్లు ఐతారం, సోమారం, మంగళారం, బుధారం, బేస్తారం, శుక్కురారం, శనారం అని కూడా పట్టికలో ఉండాలి. "మొన్న" అంటే కచ్చితంగా రెండు రోజుల కింద అనుకోవద్దు, ఈ మధ్య అన్న అర్థంలోనూ వాడతారు. "ఎనిమిదింటికి" అంటే పొద్దునా రాత్రా అని అడగాల్సిందే, ఊహించొద్దు. "అమాస నాడు", "పున్నం నాడు" అంటే తిథి కావాలి. పంచాంగం లెక్క రాయడం కన్నా ఏడాది తేదీలను క్యాలెండర్ చూసి పట్టికగా ఎక్కించడమే నయం.

ర్యామ్ లెక్క: సిస్టం 250, వోస్క్ 300, గొంతు 200. మొత్తం 750 ఎంబీ. 2 జీబీ బోర్డు కూడా సరిపోతుంది.

దశ 4: గోలీలు

చీటీ మీద డాక్టరు 1-0-1 అని రాస్తారు: పొద్దున ఒకటి, పగలు లేదు, రాత్రి ఒకటి. దాన్ని పెట్టెలోకి ఎక్కించేది ఇంటివాళ్లు, ఫోన్ నుంచి, ఫారం నింపి. మాటతో మార్చే వీలు ఉద్దేశపూర్వకంగా లేదు. ఎక్కించినంక పెట్టె మొత్తం చదివి వినిపిస్తుంది, చీటీతో పోల్చి పచ్చ మీట నొక్కితేనే అమలు. ప్రతి పూటకు మూడు వేళలు: ఎప్పటినుంచి, ఎప్పుడు, ఎప్పటిదాకా. ఆఖరుది డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి రాయాలి. థైరాయిడ్ గోలి పరగడుపున, మెట్‌ఫార్మిన్ తిండితో. రెంటినీ ఒకే "పొద్దుగాల"లో కలిపితే తప్పు. పూట దాటిపోయిన గోలి సంగతి పెట్టె తేల్చదు. "ఇప్పుడు ఏసుకోవద్దు, అడిగి చెప్తరు" అని ఇంటివాళ్లకు కబురు పెడుతుంది.

మనిషికి మూడు మూత డబ్బీలు: పొద్దు, పగలు, రాత్రి. లోపల రోజుకొక పొట్లం చొప్పున ఏడు. గోలీలను రేకు నుంచి ఊడదీసి వేయొద్దు, గాలి తేమకు పాడయ్యేవి ఉంటాయి. రేకునే కత్తెరతో ముక్కలు చేసి వేయాలి, గడువు తేదీ ఉన్న చివరి ముక్కను దాచాలి. మూతకు అయస్కాంతం, డబ్బీ అంచుకు రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసేది). ఇనుప బీరువా మీద పెడితే అయస్కాంత బలం ఇనుములోకి మళ్లి, మూత మూసినా తెరిచినట్టే చూపిస్తుంది. కింద చెక్కపలక వేస్తే సరిపోయింది.

ఈ దశలో అన్నిటికన్నా ఎక్కువ కష్టపెట్టింది "ఊఁ". పెట్టె రెండు వాక్యాలు చెప్పేలోపు మనిషి మధ్యలో ఊఁ కొడతాడు. వింటున్నానని దానర్థం. "అవ్వా, రాత్రి గోలి ఏసుకున్నవా?" అన్నదానికి వచ్చే "ఊఁ" ఔను కావచ్చు, "ఏంది?" కావచ్చు, ఊరికే కొట్టింది కావచ్చు. రాతలో మూడూ ఒకటే. దాన్ని ఔనుగా లెక్కిస్తే వేసుకోని గోలీ వేసుకున్నట్టు పడుతుంది. "ఆఁ" కూడా అంతే. కాబట్టి ఈ రెండూ జవాబులు కావు అని రాశాం. ఔనంటే పచ్చ మీట, కాదంటే ఎర్ర మీట. నోటితో చెబితే క్రియ పూర్తిగా వినపడాలి: ఏసుకున్న, మింగిన, ఏసుకోలే, ఎయ్యలే.

ఇంకొక జవాబుంది: "ఏసుకున్ననో లేదో యాదికి లేదు." ఇందులో ఔను మాటా ఉంది, కాదు మాటా ఉంది. మొదటి మాట చూసి తేల్చే ప్రోగ్రాం ఔను అంటుంది, చివరి మాట చూసేది కాదు అంటుంది. "కాదు" అనుకుని ఇంకో గోలి వేసుకోమంటే నేరుగా ప్రమాదం. "నో", "ఏమో", "అనుకుంట", "యాది" వినపడితే మిగతా ఏమున్నా "తెలియదు" కిందే రాయాలి. అప్పుడు పెట్టె చెప్పేది ఒకటే: "అట్లయితే ఇంకోటి ఏసుకోకు అవ్వా, డబ్బీల ఎన్ని పొట్లాలున్నయో చూడు."

ఒక పూట నడిచే తీరు:

1. వేళకు ఒకసారి, 15 నిమిషాలకు రెండోసారి, 40 నిమిషాలకు మూడోసారి.
2. మూత తెరిచిన గుర్తు, నోటి మాట లేదా మీట, రెండూ కలిస్తే "వేసుకున్నారు".
3. ఒక్కటే ఉంటే "తెలియదు". మూత తెరవడం మింగినట్టు కాదు.
4. మూడోసారి తర్వాత కూడా తేలకపోతే ఇంటివాళ్లకు ఎస్సెమ్మెస్.
5. పొట్లాలు నింపేటప్పుడు పచ్చ, ఎర్ర మీటలు కలిపి 5 సెకన్లు నొక్కాలి. లేకుంటే మూతలు తెరిచినవన్నీ పూటలుగా లెక్కపడతాయి.

ఖర్చు: డబ్బీలు 240, స్విచ్‌లు, అయస్కాంతాలు 180, తీగలు 100. ఈ దశ 520. ఇప్పటిదాకా మొత్తం 11,170 రూపాయలు.

దశ 5: కబురు, ఫోన్

చవకగా దొరికే సిమ్800ఎల్ (సిమ్ వేసి కాల్, ఎస్సెమ్మెస్ పంపే బోర్డు) 2జీ మాత్రమే. జియో సిమ్ అందులో పనిచేయదు. పైగా సిగ్నల్ కోసం వెతికేటప్పుడు క్షణకాలం 2 ఆంపియర్లు లాగి తానే ఆగిపోతుంది. 4జీ ఏ7670సీ బోర్డు పెట్టాం, కరెంటు కాళ్ల దగ్గర 1,000 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఒకే పేరుతో వచ్చే బోర్డుల్లో గొంతు కాల్ ఉన్నవీ లేనివీ రెండూ ఉంటాయి. కొనేముందు అడగాలి.

తెలుగు ఎస్సెమ్మెస్‌కు 70 గుర్తులే. గుణింతం, పొల్లు ఒక్కొక్కటీ ఒక గుర్తు. వాడుతున్న వాక్యం ఇది: "నాయనమ్మ రాత్రి గోలి వేసుకున్నట్టు తెలియలేదు. ఫోన్ చేయండి." 57 గుర్తులు, ఒక్క మెసేజీలో పడుతుంది. "వేసుకోలేదు" అని రాయకపోవడం కావాలనే. పెట్టెకు తెలిసింది గుర్తు దొరకలేదన్నంత వరకే. అంతకు మించి చెబితే పట్నంలో ఉన్నవాళ్లు ఫోన్ చేసి ఇంకో గోలి వేసుకోమంటారు.

వచ్చిన ఎస్సెమ్మెస్‌లు చదివి వినిపించే పనిని పరిధిలోంచి తీసేశాం. ఓటీపీని పైకి చదివే పెట్టె ఇంట్లో ఉండకూడదు. డబ్బు పంపడం కూడా ఎప్పటికీ చేర్చం.

ఖర్చు: బోర్డు 1,500, యాంటెనా 150, కెపాసిటర్ 20. ఈ దశ 1,670. మొత్తం 12,840 రూపాయలు.

దశ 6: భాషా మోడల్‌కు హద్దు

పట్టికతో పోలని మాటలే, అదీ నెట్ ఉన్నప్పుడే, మోడల్‌కు పోతాయి. "దేవరకొండకు మాపటికి బండి ఏమన్న ఉన్నదా" లాంటివి. మోడల్‌కు బస్సు టైముల పట్టికను టూల్‌గా (తానే తీసి చూసుకునే సాధనంగా) ఇచ్చి, జవాబు వాక్యం కూడా దానితోనే రాయిస్తే రెండు రకాలుగా చెడింది. పట్టికలో లేని బస్సును కూడా ధీమాగా చెప్పింది. దాన్ని ఆపడానికి "టూల్ ఇవ్వని అంకె జవాబులో ఉంటే ఆపెయ్" అని పెడితే, మోడల్ 7:30ని "ఏడున్నర" అని రాసి ఆ కాపలాను దాటిపోయింది.

మార్చినంక మోడల్ వాక్యాలు రాయదు. జేసన్‌లో (గడులుగా డేటా రాసే తీరులో) మూడు గడులే నింపుతుంది: పని, ఊరు లేదా మనిషి, వేళ. పలికే వాక్యాలన్నీ ముందే రాసిపెట్టిన అచ్చులు, అంకెలు పట్టిక నుంచి నేరుగా వచ్చి పడతాయి. పట్టికలో లేకపోతే "నా దగ్గర ఆ బస్సు టైము లేదు" అన్న అచ్చే. తెలుగు గుర్తు ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో 3 బైట్లు కాబట్టి, మోడల్‌కిచ్చే సూచనలు తెలుగులో పొడుగ్గా రాస్తే టోకెన్లు (మోడల్ లెక్కపెట్టే మాట ముక్కలు), ఖర్చు, ఆలస్యం మూడూ పెరుగుతాయి. గడుల పేర్లు పొట్టిగా ఉంచి, ఉదాహరణ మాటలు మాత్రం ఈ ప్రాంతం తెలుగులోనే ఇవ్వాలి.

"నీకెంత నమ్మకం?" అని మోడల్‌నే అడిగి, ఆ అంకె చూసి చేయాలా వద్దా అనుకోవడం కుదరలేదు. తప్పు జవాబుకూ నిండు నమ్మకం చూపిస్తుంది. దాని బదులు, ఇట్లాంటి మాటకు మోడల్ ఎంత తరచుగా సరిగ్గా నింపిందో మన పరీక్ష మాటల నుంచి తీసుకుని, మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు ఎరిక్ హార్విట్జ్ 1999లో చెప్పిన లెక్క తీరున పనికొక గీత గీశాం, ఆ తరచుదనం గీత దాటితేనే అడగకుండా చేయాలి. తప్పుగా చేస్తే నష్టాన్ని, ఆ నష్టమూ చేయకుండా ఊరుకుంటే నష్టమూ కలిపిన మొత్తంతో భాగిస్తే గీత వస్తుంది. వేరే ఏదో అడిగితే బస్సు టైము చెబితే నష్టం 1, బస్సు టైమే అడిగినా చెప్పకపోతే 4: గీత 0.2, వెంటనే చెప్పొచ్చు. రాత్రిపూట కొడుకుకు ఫోన్ కలపడం, తప్పయితే 6, కలపకపోతే 4: గీత 0.6. గీత కింద పడితే "పెద్దోనికేనా?" అని అడగాలి. ఈ బరువులు ఇంటివాళ్లతో కూర్చుని వేయాల్సినవి, ప్రోగ్రాం రాసేవాళ్లు సొంతంగా వేసేవి కావు. గోలీలకు ఈ లెక్క వర్తించదు, అవి మోడల్ దాకా రావు.

దశ 7: గొంతు, పరీక్ష

పెట్టె గొంతు, రాతను మాటగా పలికే పైపర్ ప్రోగ్రాం తెలుగు గొంతుల్లోంచి. అంకెలను అక్షరాల్లో రాసే ఇవ్వాలి, "7:30" ఇస్తే విడివిడిగా చదువుతుంది. వేగం నాలుగో వంతు తగ్గించాం. వయసుతో ముందు తగ్గేది కీచు ధ్వనులు వినే శక్తి కాబట్టి సన్నని గొంతు కన్నా మోటు గొంతు నయం. మనవరాలి గొంతుతో రికార్డు చేసి పెడదామన్న ఆలోచన బాగానే అనిపిస్తుంది, చేయొద్దు. పిల్ల ఇంట్లోనే ఉందనుకుని మాట కలుపుతారు, జవాబు రాకపోతే మనసు కష్టపెట్టుకుంటారు.

పరీక్షకు మాట తప్పుల శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. వంద మాటల్లో ఒక్క "లే" పోయినా శాతం బాగానే కనిపిస్తుంది. ప్రతి మార్పు తర్వాత ఒకే రికార్డుల కట్టను మళ్లీ నడిపి మూడు అంకెలు రాసుకుంటున్నాం: చేయకూడనిది చేసినవి, చేయాల్సింది చేయనివి, అనవసరంగా అడిగినవి. మొదటి అంకె గోలీల్లో సున్నా కాకపోతే ఆ మార్పు వెనక్కి.

కట్టలో తప్పక ఉండాల్సినవి:

1. ఫ్యాన్ ఫుల్ స్పీడు, టీవీ వార్తలు, పక్కన తాళింపు. మూడు చప్పుళ్లలోనూ అవే మాటలు.
2. పళ్లు లేని నోటి మాట, పొద్దున లేచిన వెంటనే గొంతు.
3. "ఏసుకున్న", "ఏసుకోలే", "ఏసుకున్ననో లేదో" మూడూ ఒకే మనిషి, ఒకే వేగంతో.
4. ఖాళీ నొక్కులు. ఎవరూ మాట్లాడకుండా మీట తగిలినవి.
5. గోలీ వేళ మధ్యలో ప్లగ్ పీకి మళ్లీ పెట్టడం. పలకడానికి ముందు ఒకసారి, పలుకుతుండగా ఒకసారి, జవాబు కోసం ఎదురుచూస్తుండగా ఒకసారి.

అయిదోదాన్ని యూపీఎస్ తీసేసి చేయాలి. యూపీఎస్ ఉంచి ప్లగ్ పీకితే బోర్డుకు కరెంటు పోయినట్టే తెలియదు. ఆ పరీక్షలో ఇంకా మిగిలినది ఒకటి: పలుకుతుండగా పోతే, మనిషి మాట విన్నాడా లేదా అన్నది పెట్టెకు తెలియడం లేదు. ప్రస్తుతానికి విన్నట్టే లెక్కపెట్టి, లేవగానే డబ్బీ చూడమని అడుగుతోంది. బదులుగా, పలకడం పూర్తయినంక రెండో రాత వేసి, అది లేకపోతే మూత స్విచ్ గుర్తును బట్టి తేల్చే పద్ధతి రాస్తున్నాం.